నీలం లారీ

మా ఆయన నాగుల్ మీరా
ఆటోనగర్‌లో లారీలకు రంగులేస్తాడు.
డబ్బా అడుగున బొటనవేలి లోతు మిగిలితే
సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని తెస్తాడు.
నాది గవర్నర్‌పేట కోర్టు ఎదురు జిరాక్సు కొట్టు.
వంకర పడ్డవీ, ఇంకు అలుక్కుపోయినవీ
అవతల పారెయ్యబోయే కాగితాలు
టిఫిను సంచీలో నాతోపాటు ఇంటికొస్తాయి.
యనమలకుదురు కట్ట దిగువన
ఒక గది, ఒక వరండా.

బాజీగాడు గీసిన పులికి అవతలి వైపు
ఎవరిదో హద్దుల తగాదా.
లారీ రంగు కదా, కాగితంలోంచి దిగి
చారలు దావా మీదికి పాకాయి.
తూర్పున పంటకాలవ, పడమర ప్రతివాది గోడ...
"ప్రతివాదంటే ఎవరమ్మా?"
"మీ అక్క."
సాయంత్రం దాకా మెహరున్
వాడితో మాట్లాడలేదు.

మే నెల.
గడప దాటితే కాళ్లు కాలే మధ్యాహ్నాలు.
నాలుగో తరగతి నుంచే ఇంజనీరింగుకి పునాది అంటూ
గేటు సందున కరపత్రం పెట్టి పోయారెవరో.
పక్కింటి సామ్రాజ్యం గారు వాళ్లబ్బాయిని చేర్చి వచ్చి
"మీవాళ్లు పాపం ఖాళీగా ఉంటున్నారు" అంది.
ఖాళీయా!
ముంజెకాయల బండికి నంబరు ప్లేటు కావాలి,
ప్లేటుకి అట్ట కావాలి,
అట్ట కోసం నా చీరపెట్టె అడుగు ఖాళీ అవ్వాలి.
అన్నానికి పిలిస్తే
"బండి ఇంకా ఆరలేదు" అని జవాబు.

ఆదివారం వాళ్ల నాన్న కుంచె చేతికిచ్చి
అక్షరం ఎలా నిలబడుతుందో చెప్పాడు.
"ముందు పొట్ట గుండ్రంగా రానీరా,
తలకట్టు దానంతటదే వచ్చి కూర్చుంటుంది."
ఏడో తరగతితో బడి మానేసిన మనిషి.
ఆ మాట నేనూ ఎక్కడా వినలేదు.

రాత్రి డాబా మీద కథ మొదలెడతాడు,
రాజు గుర్రం ఎక్కేలోపు గురక.
మిగతాది పిల్లలు పంచుకుంటారు.
గుర్రం రాజుని దింపేసి బస్సెక్కిందని ఒకరు,
టిక్కెట్టు లేక బెంజి సర్కిల్లో దిగిపోయిందని ఇంకొకరు.
తెల్లారి ఆయన అడుగుతాడు:
"ఇంతకీ రాజేమయ్యాడర్రా?"
ఒక్కరూ చెప్పరు.

ఆ ఎండాకాలం నీలం లారీ రాలేదు.
అన్నీ పసుపు, ఇటుక రంగు, పండుమిరప ఎరుపు.
సెలవుల హోంవర్కు: సీనరీ ఒకటి.
మెహరున్ కృష్ణకు పసుపు పోసింది,
ఆకాశానికి ఎరుపు.
పడవవాడి లుంగీ ఒక్కటే ఆకుపచ్చ,
పాత డబ్బా పెచ్చుల్ని థిన్నర్‌తో బతికించి.

జూన్‌లో బూట్లు, బ్యాగులు, అప్పు.
టీచరమ్మ ఎర్రాకాశం మీద ఎర్రపెన్నుతో
సున్నా చుట్టబోతే అది కనిపించలేదట,
మరోసారి ఒత్తి చుట్టింది.
"ఆకాశం ఏ రంగే?"
"నీలం లారీ రాలేదు మేడమ్."
ఎదురు చెబుతోందని నన్ను పిలిపించారు.
పూట జీతం పోగొట్టుకుని వెళ్లాను.
చెప్పాల్సింది చాలానే ఉంది, నోరు రాలేదు.
చూపించిన చోట సంతకం పెట్టి
బొమ్మ మాత్రం అడిగి తెచ్చుకున్నాను.
ఇంటికొచ్చాక
ఆకాశం నీలంగా ఉంటుందని
నేను చెప్పలేదు.
దానికి తెలియదా ఏం?

దసరా సెలవులు దాటాక, ఒక ముసురు సాయంత్రం
మా ఆయన తడిసి ముద్దయి వచ్చాడు,
చొక్కా లోపల డబ్బా దాచుకుని.
సగానికి సగం నీలం!
పిల్లకంటే ముందు ఆయన మొహమే వెలుగుతోంది.
మెహరున్ మూత తీసింది,
వాసన చూసింది, మళ్లీ మూసింది.
"ఆకాశం అయిపోయిందిగా నాన్నా.
ఇది బర్రెకి బాగుంటుంది."

ఎల్లుండి లెక్కల పరీక్ష.
ముందు ఎక్కాలు అన్నాను నేను.
ముందు బర్రె అన్నాడు ఆయన.
మూత బిగుసుకుపోయిందని
స్పూను తెచ్చి
నా చేతికే ఇచ్చారు.